సెన్సేషనల్ అలెక్స్ హార్వీ బ్యాండ్: గ్లాస్గో వాళ్ల రాక్ నాటకం గురించి మాట్లాడుకుందాం రండి

పాతరికార్డుల_పిచ్చి

గ్లామ్ రాక్, అంటే మేకప్, మెరుపు బట్టలు, వేషాలతో సాగిన 1970ల బ్రిటిష్ రాక్ అనగానే మనవాళ్లు డేవిడ్ బోవీ, మార్క్ బోలన్, రాక్సీ మ్యూజిక్, స్లేడ్ అని ఓ నాలుగు పేర్లు చెప్పి ఆగిపోతారు. ఇక్కడ పాత థ్రెడ్లన్నీ వెతికినా సెన్సేషనల్ అలెక్స్ హార్వీ బ్యాండ్ గురించి ఒక్కటీ దొరకలేదు. అందుకే మొదలుపెడుతున్నా, కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అలెక్స్ హార్వీ 1935 ఫిబ్రవరి 5న గ్లాస్గోలోని కిన్నింగ్ పార్క్‌లో పుట్టాడు. బోవీ, బోలన్ ఇద్దరూ 1947లో పుట్టినవాళ్లు. అంటే వాళ్లకంటే పన్నెండేళ్లు పెద్ద. ఈ బ్యాండ్ మొదలయ్యేనాటికి ఆయనకి 37 నిండాయి. ఆ రోజుల్లో పాప్ సంగీతంలో 37 అంటే రిటైర్ అయిపోయిన లెక్క. కానీ నా దృష్టిలో ఈ బ్యాండ్ బలం మొత్తం అక్కడే ఉంది. ఆయన అప్పటికే అన్నీ చూసేశాడు. 1957లో స్కాట్లాండ్‌లో, అప్పటి ఇంగ్లండ్ రాక్ గాయకుడు టామీ స్టీల్ లాంటివాడి కోసం పెట్టిన పోటీలో గెలిచాడు, సోల్ బ్యాండ్ ఒకటి నడిపాడు, హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు పాడాడు, 1964లో పాలిడోర్ కంపెనీలో రికార్డు వచ్చింది, ఏదీ నిలబడలేదు. తర్వాత లండన్‌లో 'హెయిర్' అనే మ్యూజికల్‌కి వాయించే బృందంలో గిటార్ పట్టుకుని కొన్నేళ్లు కూర్చున్నాడు. రోజూ అదే నాటకం, రోజూ కొత్త జనం. ఏ చోట నవ్వుతారు, ఏ చోట ఊపిరి బిగబడతారు, లైటు ఎప్పుడు ఆరితే ఒళ్లు జలదరిస్తుంది, ఇవన్నీ ఆయనకి అక్కడే ఒంటబట్టాయని నా నమ్మకం.

1972 మే 3న ఆయన తమ్ముడు లెస్లీ హార్వీ స్వాన్సీలో స్టేజీ మీదే కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు. ఎర్తింగ్ సరిగ్గా లేని మైకు పట్టుకున్నాడు, అంతే. అది జరిగిన కొన్ని నెలలకే అలెక్స్ గ్లాస్గో కుర్రాళ్ల బ్యాండ్ టియర్ గ్యాస్‌తో కలిశాడు. గిటార్ జాల్ క్లెమిన్సన్, బేస్ క్రిస్ గ్లెన్, కీబోర్డు హ్యూ మెకెన్నా, డ్రమ్స్ టెడ్ మెకెన్నా. హ్యూ, టెడ్ దాయాదులు. ఆ ఏడాదే 'ఫ్రేమ్డ్' ఆల్బమ్ వచ్చేసింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ బ్యాండ్‌లో నాటకం అనేది పైన పూసిన మెరుపు కాదు. వేషం తీసేస్తే పాట మిగలదు, పాట తీసేస్తే వేషానికి అర్థం లేదు. ఈ విషయంలో బోవీ కంటే కూడా హార్వీయే ముందున్నాడని నేను గట్టిగా అంటాను. ఒప్పుకోనివాళ్లు రండి, మాట్లాడుకుందాం.

కొత్త_శ్రోత

అన్నా, వీళ్లది నాకు 'డిలైలా' ఒక్కటే తెలుసు. అదేమో వేల్స్ గాయకుడు టామ్ జోన్స్ పాట. గిటారిస్టు ముఖానికి తెల్లరంగు వేసుకుని డాన్స్ చేస్తుంటే కామెడీ బ్యాండ్ అనుకుని వదిలేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఆల్బమ్స్ లిస్టు చూస్తే బోలెడున్నాయి.

బేస్‌లైన్_బాబు

'నెక్స్ట్' ఆల్బమ్, 1973. ఇంకో ఆలోచన వద్దు. అందులోనూ 'ది ఫెయిత్ హీలర్' ముందు పెట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లైటు ఆపేసి.

మొదట్లో ఒక గుడగుడమనే ఎలక్ట్రానిక్ శబ్దం, గుండె కొట్టుకుంటున్నట్టు, అలా పోతూనే ఉంటుంది. పాట మొదలవ్వదు. ఇంకా మొదలవ్వదు. నిమిషం దాటిపోతుంది. ఇదేంటి రికార్డు పాడైందా అనుకునే టైముకి డ్రమ్స్ పడతాయి, వెనకే జాల్ గిటార్ గోడ కూలినట్టు మీద పడుతుంది. అప్పుడు గానీ హార్వీ నోరు తెరవడు. చేతులు నీ మీద పెట్టి రోగం తగ్గిస్తానంటాడు, ఆ గొంతు వింటే నమ్మాలో పారిపోవాలో తెలియదు. ఏడు నిమిషాల పాట, ఒక్క క్షణం కూడా వృథా లేదు.

అయితే పాతరికార్డుల గారి పోస్టులో నాకో కంప్లైంట్ ఉంది. అంతా హార్వీ, హార్వీ అని రాశారు. టియర్ గ్యాస్ కుర్రాళ్లు అప్పటికే రెండు ఆల్బమ్స్ చేసినవాళ్లు, 'పిగ్గీ గో గెటర్' 1970లో, వాళ్ల పేరుతోనే ఉన్న రెండోది 1971లో. అమ్ముడుపోలేదు, అది వేరే సంగతి. కానీ ఆ టైట్‌నెస్ హార్వీ నేర్పింది కాదు. హార్వీ మధ్యలో పాట ఆపి కథ మొదలుపెడితే, ఎంతసేపు సాగుతుందో తెలియకుండా వెనకాల సన్నగా వాయిస్తూ ఉండి, ఆయన ఒక్క చూపు చూడగానే నలుగురూ ఒకే దెబ్బకి లోపలికి దిగాలి. 1975 లైవ్ ఆల్బమ్‌లో టెడ్ డ్రమ్స్ మాత్రమే గమనిస్తూ వినండి, నేను చెప్పేది తెలుస్తుంది. ఆ నలుగురు లేకపోతే హార్వీ ఇంకో పదేళ్లు క్లబ్బుల్లోనే పాడుకునేవాడు.

పాతరికార్డుల_పిచ్చి

బాబు గారూ, నూటికి నూరు పాళ్లు నిజం. రెండువైపులా అవసరం ఉంది. కుర్రాళ్ల దగ్గర వాయింపు ఉంది, చెప్పడానికి కథ లేదు. ఈయన దగ్గర కథలు గుట్టలుగా ఉన్నాయి, మోసేవాళ్లు లేరు. ఇంకో సంగతి, టియర్ గ్యాస్‌లో మొదట పాడిన డేవిడ్ బ్యాచ్‌లర్ ఈర్ష్యపడి దూరంగా పోలేదు, తర్వాత హార్వీ బ్యాండ్ 'ది ఇంపాజిబుల్ డ్రీమ్' ఆల్బమ్‌కి నిర్మాతగా పనిచేశాడు. తన చోటులోకి వచ్చినవాడి రికార్డుకి అంత శ్రద్ధగా పని చేయడం అందరి వల్లా అయ్యే పని కాదు.

రంగస్థలం

నేను సంగీతం మనిషిని కాదు, నాటకాల మనిషిని. ఈ బ్యాండ్‌ని నాకు పరిచయం చేసింది 'నెక్స్ట్' పాట వీడియో. బీబీసీ వాళ్ల 'ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్' ప్రోగ్రామ్‌లో 1973లో చేసింది, నెట్‌లో దొరుకుతుంది.

పాట జాక్ బ్రెల్‌ది, బెల్జియం వాడు, అసలు ఫ్రెంచి పాట. సైన్యంలో చేరిన కుర్రాడు, ఇంకా పసితనం పోనివాడు, నడుముకి తువ్వాలు చుట్టుకుని సైనికుల వేశ్యావాటిక ముందు వరసలో నిలబడి ఉంటాడు. ఆ తర్వాత జీవితమంతా వాడికి 'తర్వాతివాడు రా' అనే కేక చెవుల్లో మోగుతూనే ఉంటుంది. స్కాట్ వాకర్ కూడా 1968లో పాడాడు, చాలా అందంగా పాడాడు. నాకు అదే ఇబ్బంది. ఈ పాట అందంగా ఉండకూడదు. హార్వీ గ్లాస్గో యాసలో, పళ్లు బిగించి, మొదట్లో ఏదో పాత జోకు చెబుతున్నట్టు మొదలెడతాడు. కళ్లు కెమెరా మీంచి తప్పవు. టాంగో నడక సాగుతుంటుంది, అంటే కాళ్లు కదపాలనిపించే తాళం, పైన చెప్పేదేమో ఆ సంగతి. చివరికొచ్చేసరికి అది పాట కాదు, అరుపు. ఒక్క ప్రాప్ లేదు, కుర్చీ కూడా అక్కర్లేదు ఆయనకి.

నటనలో మా గురువుగారు ఎప్పుడూ ఒక సంగతి చెప్పేవారు, పాత్ర సిగ్గుపడే చోట నటుడు సిగ్గుపడకూడదు అని. ఈ వీడియో చూస్తే ఆ మాట ఎందుకన్నారో అర్థమవుతుంది.

జనంతో మాట్లాడే తీరు కూడా చూడండి. లైవ్ రికార్డింగుల్లో హరిదాసు అసలు కథ ఆపి పిట్టకథలోకి దిగి, అందరూ నవ్వుతుండగానే మళ్లీ అసలు కథలోకి లాగినట్టు ఉంటుంది. 'ఫ్రేమ్డ్' పాటకి ఆడవాళ్లు కాళ్లకి వేసుకునే నైలాన్ మేజోడు ముఖానికి తొడుక్కుని వచ్చేవాడు, దొంగల్లాగా. ముక్కు, పెదాలు నొక్కుకుపోయి ఉంటాయి. అలా ఉండి 'నన్ను ఇరికించారు, నాకే పాపం తెలియదు' అని బతిమాలతాడు. నవ్వు వస్తుంది, భయమూ వేస్తుంది. ఆ పాట లైబర్, స్టోలర్ రాసింది, 1954లో ది రాబిన్స్ పాడారు. పదాలు పాతవే, మనిషే కొత్త.

క్లైడ్_ఒడ్డున

గ్లాస్గోలో ఉంటున్నా, ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి. ఈ బ్యాండ్‌కి ఇల్లు లాంటిది అపోలో థియేటర్. రెన్‌ఫీల్డ్ స్ట్రీట్ మీద ఉండేది, అంతకుముందు గ్రీన్స్ ప్లేహౌస్ అనేవాళ్లు, 1973లో అపోలో అయ్యింది, 1985లో మూతపడింది. స్టేజీ బాగా ఎత్తు, పది అడుగుల పైమాటే. ముందు వరసలో కూర్చుంటే మెడ నొప్పి పుట్టేది. పైన బాల్కనీ మాత్రం జనం గెంతితే నిజంగానే పైకీ కిందకీ ఊగేది.

మా ఆఫీసులో రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన ఒక పెద్దాయన ఉన్నారు, ఇక్కడివారే. అలెక్స్ హార్వీ పేరెత్తితే చాలు, పని పక్కన పెట్టేస్తారు. కుర్రాడిగా ఉన్నప్పుడు 1975 క్రిస్మస్ షోలకి వెళ్లారట. ఆయన చెప్పేదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది వేషాలు కాదు. హార్వీ వాళ్ల వీధి మాటలే మాట్లాడాడట, లండన్ యాస పెట్టుకోలేదట. అంతకుముందు స్టార్ అయినవాడు ఎవడైనా రైలెక్కి దక్షిణానికి వెళ్లి మాట మార్చుకునేవాడు, ఈయన మాత్రం మాలాగే మాట్లాడేవాడు అంటారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వం దాచుకున్నా దాగదు.

ఇప్పుడు ఆ థియేటర్ స్థలంలో పెద్ద మల్టీప్లెక్స్ ఉంది. మన తెలుగు సినిమా రిలీజయితే మేమంతా వెళ్లేది అక్కడికే. ఇక్కడి మన కుర్రాళ్లలో చాలామందికి ఆ నేల మీద ఏం జరిగిందో తెలియదు. ఏసీ/డీసీ లైవ్ ఆల్బమ్ 'ఇఫ్ యూ వాంట్ బ్లడ్'లో ఎక్కువ భాగం 1978లో రికార్డు చేసింది అక్కడే. ఈసారి ఇంటర్వెల్‌లో ఆ సంగతి గుర్తుచేసుకోండి.

సాహితి

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి.

'డిలైలా' పాటలో ఏముంది? మోసం చేసిందని ఒకడు ఆడదాన్ని కత్తితో పొడిచి చంపుతాడు, చంపేసి క్షమించమంటాడు. అది 1975లో బ్రిటన్‌లో 7వ స్థానానికి వెళ్లింది, మధ్యలో గిటారిస్టు, బేసిస్టు కలిసి కులాసాగా స్టెప్పులేస్తారు. వేల్స్ రగ్బీ వాళ్లు తమ స్టేడియంలో గాయక బృందాలు ఈ పాట పాడకూడదని 2023లో ఆపేశారు కదా, ఊరికే కాదు. 'నెక్స్ట్' ఆల్బమ్‌లోనే ఇంకో పాట ఉంది, పేరు కూడా నేనిక్కడ రాయను. వీటిని నాటకం అనేసి దాటేయడం నాకు కుదరదు.

ఇంకొకటి 'టుమారో బిలాంగ్స్ టు మీ'. 1975 ఆల్బమ్ పేరు కూడా అదే. 'క్యాబరే' అనే మ్యూజికల్‌లో నాజీ కుర్రాళ్లు పాడే పాట అది. దాన్ని తీసుకొచ్చి రాక్ కచేరీలో వేలమందితో కలిసి పాడిస్తే అర్థం ఏమిటి?

పాతరికార్డుల_పిచ్చి

సాహితి గారూ, మంచి ప్రశ్నలు. మొదటిదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని చెప్పను కూడా. ఒక్కటి మాత్రం గమనించాను. టామ్ జోన్స్ పాడినప్పుడు ఆ హంతకుడి మీద జాలి కలుగుతుంది, వాడి బాధ గొప్పదిగా వినిపిస్తుంది. హార్వీ పాడితే జాలి కలగదు. వాడు పిచ్చివాడిలా, ప్రమాదకరంగా ఉంటాడు, మధ్యలో ఆ డాన్స్ వచ్చినప్పుడు ఇంకా ఏదో తేడాగా అనిపిస్తుంది. పాట తప్పు అక్కడితో పోతుందా అంటే పోదు. కానీ వింటున్నవాడిని వాడి పక్షాన నిలబెట్టడు.

ఇక 'టుమారో బిలాంగ్స్ టు మీ'. అది నాజీలు రాసుకున్న పాట కాదండి. జాన్ కాండర్, ఫ్రెడ్ ఎబ్ 1966లో ఆ నాటకం కోసమే రాశారు, ఇద్దరూ యూదు కుటుంబాలవాళ్లు. వినగానే మనసు పొంగి, మనమూ గొంతు కలిపేలా ఉండాలి, తర్వాత ఎవరితో గొంతు కలిపామో తెలిసి ఒళ్లు చల్లబడాలి, వాళ్ల ఉద్దేశం అది. యుద్ధం ముగిసేసరికి హార్వీకి పదేళ్లు. ఆ తరం వాడికి ఆ పాట ఏం చెబుతోందో తెలియకుండా పాడాడని నేననుకోను.

సాహితి

రెండోదానికి మీ జవాబు నచ్చింది. కానీ 'ఒళ్లు చల్లబడాలి' అనేది హాల్లో ఎంతమందికి జరిగింది? నాటకం చూడనివాడికి అది మంచి కోరస్ మాత్రమే. వ్యంగ్యం అర్థం కాని చోట అది వ్యంగ్యం కాదు. ఈ బాధ్యత కళాకారుడిది కూడా.

రంగస్థలం

సాహితి గారి మాటలో బరువు ఉంది. నాటకానికి ముందూ వెనకా సన్నివేశం ఉంటుంది, కచేరీలో ఆ పాటకి అది లేదు. అక్కడ ఆయన రిస్క్ తీసుకున్నాడు, అన్నిసార్లూ ఫలించి ఉండదు.

కానీ అదే మనిషి వ్యాంబో అనే పాత్రని సృష్టించాడు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. వీధి పిల్లల వీరుడు, కామిక్ పుస్తకాల్లోంచి దిగివచ్చినవాడిలా ఉంటాడు. ఇటుకల గోడలా కనపడే థర్మాకోల్ గోడ ఒకటి స్టేజీ మీద పెట్టి, దాని మీద వ్యాంబో పేరు స్ప్రే పెయింట్‌తో రాసి, హార్వీ దాన్ని చీల్చుకుని ఇవతలికి వచ్చేవాడు. గ్లాస్గో గోడలంతా అప్పట్లో గ్యాంగుల పేర్లే. వాటి మధ్య ఈయన ఇంకో పేరు రాశాడు, ఆ పేరువాడు ఎవరినీ కొట్టడు, ఆపదలో ఆదుకుంటాడు. తాగే నీళ్లు పాడుచేయకండి, తూటాలు తయారుచేయకండి, కొనకండి, పేల్చకండి అని పిల్లలకి స్టేజీ మీంచి చెప్పేవాడు. కత్తులు పట్టుకు తిరిగే కుర్రాళ్లున్న ఊళ్లో, ఆ కుర్రాళ్లే ముందు వరసల్లో ఉన్న హాల్లో, ముఖాన మేజోడు వేసుకున్న రౌడీ వేషంలో ఉండి ఆ మాట చెప్పడం. నీతులు చెప్పే పెద్దమనిషి చెబితే ఒక్కడూ వినడు. వాళ్లలాగే ఉన్నవాడు చెప్పాడు కాబట్టి విన్నారు.

క్లైడ్_ఒడ్డున

అవును, మా ఆఫీసు పెద్దాయన కూడా ఇదే చెప్పారు. ఆ గోడ సంగతి చెప్పేటప్పుడు చేతులు రెండూ చాపి చూపించారు.

చార్టు_చందు

సరే, నేను అంకెల మనిషిని. ఈ బ్యాండ్ నిజంగా ఎంత పెద్దది? బ్రిటన్ టాప్ 40లోకి వచ్చిన సింగిల్స్ మూడే. 'డిలైలా' 7, 1975 చివర్లో 'గాంబ్లిన్ బార్ రూమ్ బ్లూస్' 38, 1976లో 'బోస్టన్ టీ పార్టీ' 13. అదే సమయంలో స్కాట్లాండ్ నుంచే, ఎడిన్‌బరోకి చెందిన బే సిటీ రోలర్స్ 1975లో రెండు నంబర్ వన్‌లు కొట్టారు, అమెరికాలో కూడా నంబర్ వన్ అయ్యారు. హార్వీ బ్యాండ్ అమెరికా వెళ్లింది, 1975లో జెత్రో టల్‌తో కలిసి తిరిగింది, అక్కడ పెద్దగా ఏమీ జరగలేదు.

పైగా వీళ్లది గ్లామ్ అనొచ్చా అనేది కూడా నాకు డౌటే. హార్వీ వేసుకునేది నలుపు తెలుపు అడ్డచారల టీషర్టు, మీద ఓ పాత జాకెట్టు. మెరుపులు లేవు, ఎత్తు మడమల బూట్ల సందడి లేదు. జాల్ ఒక్కడిదే మేకప్.

బేస్‌లైన్_బాబు

చందూ, 1973లో వీళ్లు స్లేడ్‌కి సపోర్టుగా తిరిగారు, 'నెక్స్ట్' ఆల్బమ్ నిర్మాత ఫిల్ వెయిన్‌మన్, ది స్వీట్ బ్యాండ్ హిట్లు చేసిన ఆయన. గ్లామ్ అనే వీధిలోనే కాపురం ఉన్నారు. కాకపోతే అందంగా కనపడటానికి వేషం వేయలేదు. జాల్ మేకప్ చూడు. తెల్లటి ముఖం, నల్లగా దిద్దిన కళ్లు, పాతకాలపు మూగ విదూషకుడి ముఖం అది. ప్రతి నోటుకీ ముఖం మారుస్తాడు. స్వరం వంచితే నోరు వంకర పోతుంది, తీగలన్నీ కలిపి ఒక్కసారిగా మీటితే కళ్లు బయటికొస్తాయి. చిట్టచివరి వరసలో ఉన్నవాడికి కూడా గిటార్ ఏం చెబుతోందో ఆ ముఖంలో కనపడుతుంది. నేనూ వాయిస్తాను కాబట్టి చెబుతున్నా, అంత కష్టమైన లీడ్ వాయిస్తూ ముఖంతో ఇంకో పని చేయడం మాటలు కాదు.

అంకెల సంగతి అంటావా, ఈ బ్యాండ్ సింగిల్స్‌తో బతికింది కాదు. ఊరూరా తిరిగి బతికింది. 1976 జూన్‌లో గ్లాస్గో సెల్టిక్ పార్క్‌లో 'ది హూ' బ్యాండ్ స్టేడియం కచేరీ పెడితే అందులో వీళ్లున్నారు. 1977 ఆగస్టులో రీడింగ్ ఫెస్టివల్‌లో వాయించారు. రేడియోలో మూడు నిమిషాల్లో ఇమడని బ్యాండ్‌కి చార్టులో చోటెక్కడ దొరుకుతుంది?

పాతరికార్డుల_పిచ్చి

అదే నా బాధ కూడా. స్టూడియో రికార్డుల్లో సగమే పట్టుబడింది. అందుకే 1975 మే 24న హామర్‌స్మిత్ ఓడియన్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ ముఖ్యం. హిట్టయిన 'డిలైలా' కూడా అక్కడ రికార్డు చేసిందే, స్టూడియోది కాదు. అది చాలామందికి తెలియదు.

పాటల ఎంపిక చూడండి. స్కాట్లాండ్‌లో 1662లో మంత్రగత్తెనని ఒప్పుకున్న ఇసబెల్ గౌడీ మీద ఒక పాట. డబ్ల్యూ.హెచ్. ఆడెన్ కవితకి బాణీ కట్టి 1969లో సొంత ఆల్బమ్‌కి దాని పేరే, 'రోమన్ వాల్ బ్లూస్'. స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలాండ్' ఓడదొంగలతో 'టోమాహాక్ కిడ్'. 'ది పెంట్‌హౌస్ టేప్స్'లో జిమ్మీ రోజర్స్, ఆలిస్ కూపర్, ఆస్మండ్స్, ఇర్వింగ్ బెర్లిన్ అందరూ ఒకే ఆల్బమ్‌లో. ఏది పెద్ద కళ, ఏది చిల్లర అనే తేడా ఆయనకి లేనే లేదు. దొరికిన ప్రతి కథా వాడుకున్నాడు.

కొత్త_శ్రోత

వారం నుంచి ఇదే వింటున్నా. ఫెయిత్ హీలర్ మొదటి నిమిషం గురించి బాబన్న చెప్పింది కరెక్ట్, టెన్షన్ వచ్చేసింది. 'నెక్స్ట్' వీడియో చూశాక కాసేపు ఇంకేమీ వినలేకపోయాను. 'యాంథెమ్' కూడా బాగా నచ్చింది, చివర్లో బ్యాగ్‌పైప్స్ వచ్చినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది.

మరి ఇంత మంచి బ్యాండ్ ఎందుకు ఆగిపోయింది? గొడవలా?

బేస్‌లైన్_బాబు

గొడవ అనడానికి లేదు తమ్ముడూ, అలసట. ఐదేళ్లలో ఎన్ని ఆల్బమ్స్ చేశారో లెక్క చూడు, మధ్యలో ఎడతెగని టూర్లు. 1976లో మేనేజర్ బిల్ ఫెహిలీ విమాన ప్రమాదంలో చనిపోయాడు, హార్వీకి ఆయన చాలా దగ్గరివాడు. తమ్ముడు పోయిన నాలుగేళ్లకి ఇంకో దెబ్బ. వెన్నునొప్పి కూడా బాధపెట్టింది. ఆయన విశ్రాంతి తీసుకుంటుంటే మిగతా నలుగురూ 1977లో 'ఫోర్‌ప్లే' అని అలెక్స్ లేకుండానే ఆల్బమ్ చేశారు. తర్వాత హ్యూ మెకెన్నా వెళ్లిపోయాడు, ఆయన చోట టామీ ఐర్ వచ్చాడు. ఆ టీమ్‌తో 'రాక్ డ్రిల్' రికార్డు చేశారు, అది 1978లో బయటికొచ్చేసరికే హార్వీ వదిలి వెళ్లిపోయాడు. 1977 అక్టోబరులో, రిహార్సల్ మధ్యలో.

నాకు బాధనిపించేది టైమింగ్. అప్పుడే బ్రిటన్ అంతటా పంక్, అంటే మొరటుగా, తిరగబడి పాడే రాక్, పుట్టుకొస్తోంది. గోడ మీద రాతలు, వీధి భాష, జనాన్ని కవ్వించడం, ఇవన్నీ ఈయన అంతకుముందే చేసినవి. ఆ పంట చేతికొచ్చే వేళకి రైతు పొలంలో లేడు.

క్లైడ్_ఒడ్డున

ఆ తర్వాత 1979లో 'ది మాఫియా స్టోల్ మై గిటార్' అని సొంత రికార్డు చేశాడు. 1982 ఫిబ్రవరి 4న యూరప్ టూర్ ముగించుకుని తిరిగి వస్తూ బెల్జియంలోని జీబ్రూగ్ రేవులో ఫెర్రీ కోసం ఎదురుచూస్తుండగా గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఇంకోసారి. మర్నాడు ఆయనకి 47 నిండేవి.

మిగతావాళ్లు 2004 నుంచి మ్యాక్స్ మ్యాక్స్‌వెల్ అనే గాయకుడితో కొన్నేళ్లు మళ్లీ కలిసి వాయించారు. 2019 జనవరిలో టెడ్ మెకెన్నా పోయారు, అదే ఏడాది డిసెంబరులో హ్యూ కూడా.

చార్టు_చందు

వారసత్వం మాటేంటి మరి? ఎవరి మీద ప్రభావం ఉందో పేర్లతో చెప్పండి. 'ఎందరికో స్ఫూర్తి' అంటే సరిపోదు.

పాతరికార్డుల_పిచ్చి

చెబుతా. నిక్ కేవ్ 1986లో చేసిన కవర్ పాటల ఆల్బమ్‌లో హార్వీ 'హ్యామర్ సాంగ్' పాడాడు. ఆ ఆల్బమ్ వింటే ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో తెలిసిపోతుంది, స్టేజీ మీద ఒక మతబోధకుడిలా జనం మీదకి వంగి పాడే ఆ తీరు ముందు హార్వీలో ఉంది. 'ది క్యూర్' బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ కుర్రతనంలో హార్వీకి వీరాభిమాని, ఆ మాట ఇంటర్వ్యూల్లో దాచుకోకుండా చెప్పాడు. జర్మనీ మెటల్ బ్యాండ్ హెలోవీన్ 1999లో 'ఫెయిత్ హీలర్' చేసింది. ముగ్గురివీ మూడు దారులు, ఒకదానికొకటి సంబంధం లేదు. చార్టులో మొదటి స్థానం వచ్చినవాళ్లలో ఎంతమందికి అలా జరిగింది చెప్పు చందూ.

బేస్‌లైన్_బాబు

వాయించినవాళ్ల సంగతీ కలపండి. జాల్ నజరెత్ బ్యాండ్‌లో చేరి 1979 'నో మీన్ సిటీ'లో వాయించాడు. టెడ్ గిటారిస్టు రోరీ గాలఘర్‌తో కొన్నేళ్లు చేశాడు, తర్వాత టెడ్, క్రిస్ ఇద్దరూ మైకేల్ షెంకర్ గ్రూపులో ఉన్నారు. షెంకర్ రికార్డులు వినే మెటల్ అభిమానుల్లో చాలామందికి ఆ బేస్, డ్రమ్స్ జోడీ ఎక్కడ తయారైందో తెలియదు.

సాహితి

నా అభ్యంతరాలు నాకున్నాయి, వెనక్కి తీసుకోవడం లేదు. కానీ ఇసబెల్ గౌడీ పాట విన్నాను. ఎనిమిది నిమిషాల దాకా నడిచే పాటలో మూడుసార్లు రంగు మారుతుంది, ఆవిడని వెక్కిరించకుండా పాడాడు. ఆవిడ విచారణలో చెప్పినట్టు రికార్డయిన మాటలు ఇప్పటికీ దొరుకుతాయి, వాటిని పక్కన పెట్టుకుని విన్నా. ఈ పాట గురించి వేరే థ్రెడ్ పెడదామా?

పాతరికార్డుల_పిచ్చి

తప్పకుండా పెట్టండి, సాహితి గారూ, మీరే మొదలుపెడితే బాగుంటుంది. 'రోమన్ వాల్ బ్లూస్' నా దగ్గరుంది, 'మిడ్‌నైట్ మోజెస్', 'హ్యామర్ సాంగ్' మొదట ఎలా ఉండేవో, టియర్ గ్యాస్ కుర్రాళ్లు చేతబట్టాక ఎలా మారాయో అక్కడ పక్కపక్కన పెట్టి రాస్తాను. కొత్త_శ్రోత తమ్ముడూ, ఆలోగా నువ్వు 'ది ఇంపాజిబుల్ డ్రీమ్' మొత్తం విను, 'మ్యాన్ ఇన్ ది జార్' దగ్గర ఆపకుండా.